రైలు మాదే అన్న ఊళ్లు

ఉత్తర ఇంగ్లండు కొండల్లో గార్స్‌డేల్ అనే చిన్న స్టేషను ఉంది. చుట్టూ పచ్చిక బయళ్లు, గొర్రెల మందలు, రాతి గోడలే తప్ప ఊరంటూ పెద్దగా కనిపించదు. అక్కడి ప్లాట్‌ఫారం మీద ఒక కుక్క కంచు విగ్రహం ఉంటుంది. బోర్డర్ కోలీ జాతి కుక్క అది. పేరు రస్సప్. 2009లో ఆ విగ్రహాన్ని పెట్టారు. రైల్వే స్టేషనులో కుక్కకు విగ్రహం ఎందుకని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఈ లైను కథ మొత్తం చెప్పాలి.

1980లలో బ్రిటిష్ రైల్వే ఈ మార్గాన్ని మూసేస్తామని నోటీసు ఇచ్చింది. అభ్యంతరాలుంటే రాసి పంపమంది. 22 వేలకు పైగా అభ్యంతర పత్రాలు వచ్చిపడ్డాయి. అందులో ఒకదాని కింద సంతకం లేదు, పంజా గుర్తు ఉంది. అది రస్సప్‌ది. యజమానితో పాటు టికెట్ మీద ప్రయాణించేది కాబట్టి రస్సప్ కూడా ప్రయాణికుడేనన్నారు. ఆ పత్రమూ లెక్కలోకి వచ్చింది.

ఆ లైను పేరు సెటిల్–కార్లైల్. సెటిల్ అనే చిన్న పట్నం దగ్గర మొదలై స్కాట్లండు సరిహద్దుకు చేరువలోని కార్లైల్ నగరం దాకా సుమారు 116 కిలోమీటర్లు. నిజానికి కట్టిన కంపెనీ కూడా చివరికి వద్దనుకున్న లైను ఇది. స్కాట్లండుకు సొంత దారి కోసం మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ 1866లో పార్లమెంటు అనుమతి తెచ్చుకుంది. ఆలోగా పోటీ కంపెనీతో రాజీ కుదిరేలా కనిపించింది. ఈ కొండల్లో అంత డబ్బు పోయడం ఎందుకని, అనుమతి రద్దు చేయమని మళ్లీ పార్లమెంటుకే వెళ్లింది. 1869లో పార్లమెంటు కుదరదంది. ఇక కట్టక తప్పలేదు.

కట్టిన తీరు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. పద్నాలుగు సొరంగాలు, ఇరవై చిల్లర పెద్ద వంతెనలు. రిబుల్‌హెడ్ దగ్గర బురద నేల మీదుగా 24 కమానులతో, 400 మీటర్ల పొడవున, 32 మీటర్ల ఎత్తున ఒక రాతి వంతెన లేచింది. పనివాళ్లు ఆ బయలు మీదే గుడిసెలు వేసుకుని భార్యాబిడ్డలతో ఏళ్లు గడిపారు. బట్టీ గ్రీన్, సెబాస్టపోల్, జెరికో అని వాటికి పేర్లు పెట్టుకున్నారు. మశూచి వచ్చింది. పేలుళ్లలో కొందరు, పడిపోయి కొందరు, జబ్బు చేసి కొందరు పోయారు. దగ్గరలోని చాపెల్-లి-డేల్ చర్చి శ్మశానంలో రెండు వందల మంది వరకు పూడ్చారు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. 1875లో గూడ్సు బళ్లు, 1876 మే 1న ప్రయాణికుల బళ్లు మొదలయ్యాయి.

ఈ లైను మీద డెంట్ అనే స్టేషను సముద్రమట్టానికి 350 మీటర్ల ఎత్తున ఉంది. ఇంగ్లండు ప్రధాన మార్గాల్లో అంత ఎత్తున మరో స్టేషను లేదు. డెంట్ ఊరు మాత్రం అక్కడి నుంచి ఆరేడు కిలోమీటర్ల దూరాన, కింద లోయలో ఉంటుంది. స్టేషను వెనక వాలు మీద పాత స్లీపర్లు వరసగా నిలువునా పాతి ఉంటాయి. చలికాలంలో గాలికి కొట్టుకొచ్చే మంచు పట్టాల మీద పేరుకోకుండా అడ్డుకట్ట అది. కలప నలుపెక్కింది, కొన్ని పక్కకు ఒరిగాయి. వాటి పక్కన నిలబడితే ఈ లైనును నడపడానికి ఏటా ఎంత శ్రమ పడ్డారో ఇట్టే తెలిసిపోతుంది.

మరి ఇంత కష్టపడి కట్టిన దాన్ని ఎందుకు మూసేయాలనుకున్నారు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో కార్లు పెరిగాయి, లారీలు పెరిగాయి, జాతీయం చేసిన రైల్వేకు నష్టాలు పెరిగాయి. రసాయనాల కంపెనీ ఐసీఐ నుంచి రిచర్డ్ బీచింగ్ అనే నిపుణుణ్ని తెచ్చి రైల్వే పగ్గాలు అప్పగించారు. 1963 మార్చి 27న ఆయన నివేదిక బయటికొచ్చింది. 2,363 స్టేషన్లు, సుమారు 8 వేల కిలోమీటర్ల మార్గం మూసేయాలని అందులో ఉంది. పల్లె లైన్ల మీద పిడుగు పడినట్టయింది. ఏ స్టేషను ఎంత రాబడి తెస్తోందో లెక్కగట్టి, తేనివాటిని పక్కన పెట్టారు. ప్రయాణికుల లెక్కేమో 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం చేసిన సర్వే. ఎండాకాలంలో జనంతో కిక్కిరిసే సముద్రతీరపు లైన్లను చలి వదలని ఏప్రిల్‌లో లెక్కపెడితే ఏం తేలుతుంది? ఆ సర్వేను అప్పుడే చాలామంది తప్పుపట్టారు. అయినా పట్టాలు పీకే పని ఆగలేదు.

కొన్ని మాత్రం తప్పించుకున్నాయి. కార్న్‌వాల్‌లోని లూ లోయ లైనును 1966లో మూసేయాల్సి ఉంది. రెండు వారాల గడువు ఉందనగా రవాణా మంత్రి బార్బరా కాజిల్ ఆపించారు. 1968లో ఆమె తెచ్చిన చట్టం ఈ కథలో పెద్ద మలుపు. లాభం రాకపోయినా జనానికి అవసరమైన లైనుకు ప్రభుత్వం నేరుగా డబ్బివ్వవచ్చని ఆ చట్టం ఒప్పుకుంది. ఆస్పత్రి లాభం తేవాలని ఎవరూ అడగరు, బడి లాభం తేవాలని ఎవరూ అడగరు. పల్లె రైలును కూడా ఆ వరసలో చూడవచ్చని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసిన రోజు అది.

సెటిల్–కార్లైల్ పేరు కూడా బీచింగ్ జాబితాలో ఉంది. దాన్ని ఒక్కసారిగా మూసేయలేదు, నెమ్మదిగా ఎండబెట్టారు. 1970 మేలో సెటిల్, ఆపిల్‌బీ తప్ప మిగతా స్టేషన్లన్నీ మూతపడ్డాయి. 1982లో ఎక్స్‌ప్రెస్‌లను వేరే దారికి మళ్లించారు. చివరికి రోజుకు అటు రెండు, ఇటు రెండు బళ్లు మిగిలాయి. ప్రయాణికులు తగ్గారు. తగ్గారు కాబట్టి లైను అనవసరమన్నారు. పల్లెలో బస్సు ట్రిప్పులు ఒక్కొక్కటే తీసేసి, ఆనక జనం ఎక్కడం లేదు కాబట్టి సర్వీసు రద్దు చేస్తున్నామని చెప్పడం మన ఊళ్లకూ తెలిసిన సంగతే.

దీనికి తోడు రిబుల్‌హెడ్ వంతెన. వందేళ్ల వానకు, మంచుకు దాని రాళ్లు పగులుబారాయి. బాగుచేయాలంటే అరవై లక్షల పౌండ్ల దాకా కావాలని రైల్వే చెప్పింది. లైను మూతకు ఆ అంకె గట్టి కారణమైంది.

సరిగ్గా అప్పుడే జనం కదిలారు. 1981లో సెటిల్‌లో కొందరు కూడి ‘సెటిల్–కార్లైల్ లైను మిత్రులు’ అని సంఘం పెట్టుకున్నారు. గ్రాహం నట్టాల్ అనే యువకుడు దాని తొలి కార్యదర్శి. రస్సప్ ఆయన కుక్కే. వీళ్లు ధర్నాలతో సరిపెట్టుకోలేదు. చట్టం చదివారు. లైను మూస్తే ఇబ్బంది పడే ప్రయాణికుడు చెప్పే అభ్యంతరానికే చట్టంలో విలువ ఉంది. కొండలు అందంగా ఉన్నాయనో, వంతెన చారిత్రకమనో రాస్తే అది లెక్కకు రాదు. అందుకని ఎవరికి ఎలా ఇబ్బందో, ఏ ఆస్పత్రికి ఎలా వెళ్లాలో, ఏ సంతకు ఏ బండి కావాలో విడివిడిగా రాయమని ఊరూరా చెప్పారు. 22 వేల పత్రాల వెనక ఈ ఓపిక ఉంది.

ఇక్కడ కథలోకి రాన్ కాటన్ వస్తాడు. 1983లో ఈ లైను బాధ్యతలు అప్పగిస్తూ రైల్వే ఆయనకు చెప్పిన పని మూసివేత సజావుగా జరిగేలా చూడమని. లైను బతికున్నన్నాళ్లు దాన్ని బాగా నడపడం కూడా తన పనేనని కాటన్ అనుకున్నాడు. టికెట్ ధరలు తగ్గించాడు, ప్రకటనలు ఇచ్చాడు, బళ్లు పెంచాడు. మూసేస్తారట, చివరిసారి చూసొద్దామని జనం కూడా కట్టకట్టుకుని వచ్చారు. 1970లో మూసేసిన ఎనిమిది చిన్న స్టేషన్లను స్థానిక కౌన్సిళ్ల సాయంతో 1986 జులైలో మళ్లీ తెరిచారు. 1983లో ఏడాదికి 93 వేల మంది ఎక్కిన లైను మీద 1989 నాటికి నాలుగున్నర లక్షల మంది ఎక్కారు. మూసేయడానికి పంపిన అధికారే ఆ లైనుకు ఊపిరి పోశాడు. సొంత ఉద్యోగానికి ఎదురీదినట్టు కనిపించినా ఉద్యోగ ధర్మాన్ని ఆయనంత నిక్కచ్చిగా పాటించినవాళ్లు అరుదు.

1986లో ప్రయాణికుల సలహా కమిటీలు ఊరూరా బహిరంగ విచారణ జరిపాయి. లైను ఉంచాల్సిందేనని తేల్చాయి. అయినా 1988లో ప్రభుత్వం మూసేసే ఆలోచనలోనే ఉన్నామని ప్రకటించి, కొనేవాళ్లుంటే రమ్మంది. ఆ మధ్యలో వంతెన మీద కొంతమేర మరమ్మతు చేసి చూస్తే, మొదట చెప్పినంత ఖర్చు అవసరం లేదని తేలింది. అరవై లక్షల భయం సగానికి సగం కరిగిపోయింది. 1989 ఏప్రిల్ 11న రవాణా శాఖ సహాయ మంత్రి మైకేల్ పోర్టిల్లో మూసివేతకు అనుమతి నిరాకరిస్తున్నట్టు ప్రకటించారు. తర్వాతి రోజుల్లో టీవీలో రైలు ప్రయాణాల కార్యక్రమాలతో ఇంటింటికీ తెలిసిన పోర్టిల్లో, తన రాజకీయ జీవితంలో ఇదే పెద్ద పని అని చాలాసార్లు చెప్పుకున్నారు.

గెలిచిన ఏడాది తిరక్కుండానే విషాదం. 1990 జనవరిలో నట్టాల్ రస్సప్‌ను తీసుకుని వేల్స్ కొండల్లో నడకకు వెళ్లాడు. తిరిగి రాలేదు. ఏప్రిల్ 7న ఒక కొండ వాగు పక్కన ఆయన మృతదేహం దొరికింది. పదకొండు వారాల చలిలో, వానలో, మంచులో రస్సప్ ఆయన పక్కనే కాపలా ఉంది. పద్నాలుగేళ్ల ముసలి కుక్క. నడిచే ఓపిక లేక ఎత్తుకుని కిందికి తేవాల్సి వచ్చింది. యజమాని అంత్యక్రియలు అయ్యేదాకా ఉండి, ఆ తర్వాత కొద్దికాలానికే అదీ కన్నుమూసింది. గార్స్‌డేల్ స్టేషనును నట్టాల్ ఎంతో ఇష్టపడేవాడు. అందుకే ఆ కంచు విగ్రహం అక్కడ ఉంది.

సెటిల్–కార్లైల్ పోరాటం నేర్పిన పాఠాన్ని ఇతర లైన్లు వేరేలా వాడుకున్నాయి. మూసివేత నోటీసు వచ్చాక కదిలేకంటే ముందే ఆ లైనుతో ఊళ్లకు బంధం కలపాలన్నది ఆ ఆలోచన. దీని విత్తనం 1975లోనే పడింది. యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానవనం వాళ్లు వారాంతాల్లో సొంతంగా రైళ్లు మాట్లాడుకుని, మూతపడ్డ స్టేషన్లను ఆ రోజుల్లో తెరిపించి, నడక ప్రియులను కొండలకు తీసుకొచ్చేవారు. తిరుగు దారిలో లోయల్లోని పల్లెవాళ్లు అవే బళ్లెక్కి పట్నం బజారుకు వెళ్లొచ్చేవారు. డేల్స్‌రైల్ అని దానికి పేరు. రైల్వే కాని సంస్థ రైల్వేతో చేయి కలిపి మూతపడ్డ స్టేషన్లకు ప్రాణం పోయడం అదే మొదలు అనవచ్చు.

1991లో నైరుతి కొసన డెవన్–కార్న్‌వాల్ రైల్ భాగస్వామ్యం మొదలైంది. ప్లిమత్ విశ్వవిద్యాలయం దానికి ఆశ్రయం ఇచ్చింది. 1993లో పాల్ సాల్వెసన్ అనే రైల్వే రచయిత పల్లె లైన్ల భవిష్యత్తు మీద ఒక నివేదిక రాసి ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. అదే ఏడాది హడర్స్‌ఫీల్డ్–షెఫీల్డ్ మధ్య పెనిస్టోన్ లైను భాగస్వామ్యం పుట్టింది. ఇలాంటివన్నీ కలిసి తర్వాత ఒక జాతీయ సమాఖ్య అయ్యాయి. హడర్స్‌ఫీల్డ్ స్టేషనులో ఆవిరి ఇంజన్ల కాలం నాటి నీళ్ల ట్యాంకు కట్టడంలో దానికి ఆఫీసు పెట్టుకున్నారు. 2004లో ప్రభుత్వమే సామాజిక రైలు విధానం అని ఒకటి ప్రకటించింది. ఇప్పుడు ఆ దేశంలో డెబ్బైకి పైగా ఇలాంటి భాగస్వామ్యాలు ఉన్నాయి. స్టేషన్లను దత్తత తీసుకున్న స్థానిక బృందాలు వెయ్యికి పైనే.

భాగస్వామ్యం అంటే ఏమిటో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. ఊరివాళ్లు రైలు నడపరు, సిగ్నళ్లు చూడరు, పట్టాలు ముట్టుకోరు. అవన్నీ రైల్వే పనే. ఒక లైను పొడవునా ఉన్న జిల్లా కౌన్సిళ్లు, రైలు నడిపే కంపెనీ, ఊరి సంఘాలు ఒక బల్ల దగ్గర కూర్చుంటాయి. అందరూ తలా కొంత డబ్బు వేసి ఒక అధికారిని జీతానికి పెట్టుకుంటారు. చాలా లైన్లకు అలాంటి మనిషి ఒక్కరే. ఆ ఒక్కరి పని రోజుకో రకం. బస్సు టైమూ రైలు టైమూ కలవకపోతే రెండు కంపెనీలనూ కూర్చోబెట్టి మాట్లాడించడం, బడి పిల్లలకు పట్టాల దగ్గర జాగ్రత్తలు చెప్పి మొదటిసారి రైలెక్కించడం, స్టేషను నుంచి నడవడానికి దారుల పటం అచ్చువేయించడం, మూతపడ్డ బుకింగ్ ఆఫీసును టీ కొట్టుకో ఊరి సంఘానికో అద్దెకిప్పించడం.

స్టేషను దత్తత తీసుకున్న బృందం వారానికో రోజు వస్తుంది. కలుపు తీస్తుంది, పూల తొట్లకు నీళ్లు పోస్తుంది, దీపం వెలగకపోయినా టైంటేబుల్ చిరిగినా ఫోను చేసి చెబుతుంది. చిన్న పనులే. కానీ మనిషి అలికిడి లేని స్టేషనులో సాయంత్రం పూట ఒంటరిగా దిగాలంటే ఆడవాళ్లకు, ముసలివాళ్లకు భయం. పూల తొట్టి ఉన్నచోట ఎవరో కనిపెట్టుకుని ఉన్నారన్న ధైర్యం కలుగుతుంది. ఈ చిన్న తేడాకు టికెట్ లెక్కల్లో పెద్ద విలువ ఉంది.

పెనిస్టోన్ లైనులో పాటల రైళ్లు నడిపారు. జానపద గాయకులు పెట్టెలోకి ఎక్కి పాడుతుంటే వినడానికే జనం టికెట్లు కొన్నారు. డెవన్, కార్న్‌వాల్‌లలో స్టేషనుకో పబ్బు చొప్పున చూపిస్తూ కరపత్రాలు వేశారు. కారు తోలే పని లేదు కాబట్టి నిశ్చింతగా తాగొచ్చని జనం రైలెక్కారు. చలికాలంలో ఖాళీగా వెళ్లే బళ్లకు అది పెద్ద ఆసరా అయింది.

కాజిల్ కాపాడిన లూ లోయ లైను ఇప్పటికీ నడుస్తోంది. ఆ ప్రయాణమే ఒక వేడుక. లిస్కర్డ్‌లో ఎక్కిన ఒంటి పెట్టె బండి వంపులు తిరుగుతూ లోయలోకి దిగి, కూంబ్ జంక్షన్ దగ్గర ఆగుతుంది. గార్డు కిందికి దిగి, పట్టాల పక్కనున్న లీవరు లాగి దారి మారుస్తాడు. డ్రైవరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్లి, వచ్చిన దిక్కుకే బండిని మళ్లీ కదిలిస్తాడు. తర్వాత నది ఒడ్డునే సముద్రం దాకా దారి. మధ్యలో కొన్ని స్టేషన్లలో ఎక్కాలంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యెత్తాలి, దిగాలంటే ముందుగా గార్డుకు చెప్పాలి. మన పల్లెల్లో ఆర్టీసీ బస్సుకు చెయ్యెత్తినట్టే.

సెటిల్–కార్లైల్ మిత్రుల సంఘం కూడా గెలుపు తర్వాత ఇంటికి పోలేదు. ఇప్పుడు దాని సభ్యులు మూడు వేల పైమాటే. స్టేషన్లలో దుకాణాలు వాళ్లే నడుపుతారు. సెటిల్‌లోని పాత సిగ్నల్ క్యాబిన్‌ను బాగుచేసి జనానికి చూపిస్తారు. రైళ్లలో ఎక్కి, ఏ కొండ ఏదో ఏ సొరంగం ఎలా తవ్వారో ప్రయాణికులకు చెబుతారు. అనుబంధంగా ఏర్పడ్డ ట్రస్టు పాత స్టేషను భవనాలను లీజుకు తీసుకుని ఒక్కొక్కటే మరమ్మతు చేసింది. మరో స్థానిక కంపెనీ రైల్లో టీ, తినుబండారాల బండి నడిపి, వచ్చిన మిగులును లైను కోసమే ఖర్చుపెడుతుంది.

వీటన్నిటికీ హద్దు ఉందని కూడా ఒప్పుకోవాలి. 2016 ఫిబ్రవరిలో కార్లైల్ దగ్గరి ఈడెన్ బ్రౌస్ వద్ద వానలకు నానిన కొండవాలు జారిపోయింది. అయిదు లక్షల టన్నుల మట్టి కదిలింది. లైను ఏడాదికి పైగా తెగిపోయింది. పూల తొట్లతో, పాటల రైళ్లతో తీరే సమస్య కాదు అది. రైల్వే 2.3 కోట్ల పౌండ్లు పెట్టి, వాలులోకి లోతుగా పునాదులు దింపి, వాటి మీద పట్టాలు వేసింది. 2017 మార్చి 31న ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఆవిరి ఇంజను లాగిన రైలుతో లైను మళ్లీ తెరుచుకుంది. జనం ఉత్సాహంగా ఉన్నారు కదా అని ప్రభుత్వం తన బాధ్యతను వాళ్ల నెత్తిన పెట్టడానికి వీల్లేదు. పట్టాలు, వంతెనలు, రోజుకు తగినన్ని బళ్లు ఖజానా నుంచే రావాలి. అవి ఉన్నప్పుడే ఊరివాళ్ల శ్రమకు ఫలితం ఉంటుంది. రోజుకు రెండు బళ్లు మాత్రమే ఆగే స్టేషనుకు ఎన్ని పూలు పెంచినా ఏం లాభం? అయితే ఈడెన్ బ్రౌస్ దగ్గర అంత డబ్బు పెట్టడానికి ఎవరూ వెనకాడకపోవడానికి ఆ లైను వెనక ఇంతమంది ఉండటమూ ఒక కారణమేనని నమ్మవచ్చు. 1980లలో అందులో మూడో వంతు కూడా లేని అంకె చూపించి ఇదే లైనును చంపబోయారు మరి.

డెవన్‌లోని ఓక్‌హాంప్టన్ కథ కూడా ఆశ పుట్టిస్తుంది. 1972లో అక్కడికి రోజువారీ బళ్లు ఆగిపోయాయి. పట్టాలు మాత్రం మిగిలాయి. 1997 నుంచి కౌన్సిల్ సాయంతో వేసవి ఆదివారాల్లో బళ్లు నడిచాయి. ఆ ఆదివారం బండినే పట్టుకుని స్థానికులు ఏళ్ల తరబడి అడిగారు. 2021 నవంబరు 20న రోజువారీ సర్వీసు తిరిగి మొదలైంది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు ముచ్చట, మనకెందుకని అనుకోనక్కర్లేదు. ఊళ్లు తమ డబ్బుతో రైలు తెచ్చుకున్న చరిత్ర మనకూ ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో జిల్లా బోర్డులు భూమి శిస్తు మీద అదనంగా సెస్సు వసూలు చేసి చిన్న లైన్లకు పెట్టుబడి కూడబెట్టేవి. తంజావూరు జిల్లా బోర్డు ఆ దారి చూపించింది. తెలుగు నేల మీద బెజవాడ–బందరు లైనుకు కృష్ణా జిల్లా బోర్డు, తెనాలి–రేపల్లె లైనుకు గుంటూరు జిల్లా బోర్డు యజమానులు. నడిపే పని పెద్ద రైల్వే కంపెనీది, ఆస్తి జిల్లాది. ఇవాళ రేపల్లె ప్యాసింజరు ఎక్కేవాళ్లలో ఎంతమందికి తమ ముత్తాతల కాలంలో ఆ పట్టాలు జిల్లా సొత్తని తెలుసు?

పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న లైనూ మనకుంది. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా గోదావరి గట్టున ఉన్న కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము కావాలని 1940లో ఆ పట్టాలు పెరికేశారు. రైలు కట్ట మిగిలింది, ఊళ్ల పేర్లలో స్టేషను జ్ఞాపకం మిగిలింది. కోనసీమ అరవై ఏళ్లు అడుగుతూనే ఉంది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టి పని మొదలుపెట్టించారు. లైను పూర్తికావడం మాత్రం ఆయన చూడలేదు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004లో కోటిపల్లికి మళ్లీ బండి వచ్చింది. ఆ తర్వాత దాని మీద ఒక చిన్న రైలుబస్సు తిరిగింది. చక్రాలు రైలువి, వాలకం బస్సుది. గోదావరి దాటించి అమలాపురం మీదుగా నరసాపురం దాకా లైను పొడిగించే పని సాగుతోంది.

మన పల్లెల్లో హాల్టు స్టేషన్లున్నాయి. స్టేషను మాస్టరు ఉండడు. ఊరి మనిషే కమిషన్ మీద టికెట్లమ్ముతాడు. ఊరికీ రైల్వేకూ మధ్య భాగస్వామ్యమంటే అదీ ఒకటి, పేరు పెట్టి పిలవకపోయినా. అక్కడ ఒక గది, ఒక రేకుల షెడ్డు, ఒక రావిచెట్టు ఉంటాయి. ఆ హాల్టులో నెలకు ఎన్ని టికెట్లు తెగాయన్నది ఒక కాగితం మీద ఎక్కి డివిజను ఆఫీసుకు వెళుతుంది. బండి ఆగాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు అధికారులు ముందు తీసేది ఆ కాగితమే. సెటిల్–కార్లైల్‌ను బతికించింది 22 వేల పత్రాలు, వాటి పక్కన 93 వేల నుంచి నాలుగున్నర లక్షలకు పెరిగిన టికెట్లు.

కాబట్టి ఈ వ్యాసం చదివేవారికి ఒక్క విన్నపం. మీ ఊళ్లో ప్యాసింజరు ఆగే హాల్టు ఉంటే నెలకొకసారైనా ఆ బండెక్కండి. ప్రయాణం రెండు స్టేషన్లదైనా సరే, అమ్మే మనిషిని వెతికి పట్టుకుని మరీ టికెట్ తీసుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్ల టికెట్లు వాళ్ల చేతే కొనిపించండి.